గుమ్మంలో చెప్పులు, ఇంట్లో ఫాస్టర్ కుక్క

ఏటా వేసవిలో ఇండియా వెళ్ళొచ్చే ఇంటికి సొంత కుక్క పెద్ద చిక్కే. పిల్లల పోరు చూస్తే ఆగదు. అందుకే టెక్సాస్‌లో మనవాళ్ళలో కొందరు ఫాస్టరింగ్‌కి ఒప్పుకుంటారు: షెల్టర్ కుక్కను కొన్ని వారాలో నెలలో ఇంట్లో ఉంచుకుని, దత్తత తీసుకునేవాళ్ళు దొరికాక అప్పగించడం. డాక్టరు ఖర్చు మామూలుగా కుక్కను ఇచ్చిన సంస్థే పెట్టుకుంటుంది, తిండి కూడా చాలాచోట్ల వాళ్ళే ఇస్తారు. అద్దె ఇల్లయితే ముందు లీజు చదువుకోవాలి. కుక్క మనది కాదన్నా, ఉన్నది మనింట్లోనే కదా.

మొదటి ప్రమాదం ముందు తలుపు దగ్గరే. శనివారం భోజనాలకు వచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడి చెప్పులు విప్పుకుంటుంటారు, వెనక ఇంకొకరు కూర గిన్నెతో ఎదురుచూస్తుంటారు, తలుపు బార్లా తెరిచే ఉంటుంది. బెదిరిన కుక్కకు ఆ సందు చాలు. పేరు పెట్టి పిలిచినా వెనక్కి రాదు, ఆ పేరు షెల్టర్‌లో పోయిన వారమే పెట్టి ఉంటారు. చెప్పుల స్టాండు గరాజ్ వైపు మార్చేసి, ముందు తలుపుకు నాలుగడుగులు లోపలగా బేబీ గేటు బిగించండి. చుట్టాలు వచ్చే పూట కుక్క క్రేట్‌లో (కుక్కను ఉంచే బోనులో), తలుపు వేసిన గదిలో ఉండాలి. బయటికి తిప్పేటప్పుడు మెడకు గుంజితే కాస్త బిగిసే మార్టింగేల్ కాలర్, ఒంటికి హార్నెస్, రెంటికీ చెరో లీష్. మామూలు కాలరైతే కుక్క భయపడి వెనక్కి గుంజగానే తలమీదుగా జారిపోతుంది. టపాకాయల మోత ఉండే జూలై 4న, దీపావళి రోజున చీకటి పడకముందే ఒకటీ రెండూ ముగించి లోపలికి తెచ్చేయాలి.

రెండోది వంటిల్లు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలో ఎర్రకణాలను పగలగొడతాయి. ఉడికించినా, పొడి చేసినా అంతే. అంటే సాంబారన్నం, పులుసు, వెల్లుల్లి కారం తగిలిన ఇడ్లీ ముక్క, ఏదీ పనికిరాదు. పాయసంలో కిస్మిస్ కిడ్నీలను దెబ్బతీస్తుంది, ఏ కుక్కకు ఎన్ని తింటే ప్రమాదమో ముందే చెప్పలేం. కొన్ని షుగర్‌ఫ్రీ చూయింగ్‌గమ్‌లలో తీపి కోసం వేసే జైలిటాల్ కుక్క రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పడగొట్టేస్తుంది, కాబట్టి హ్యాండ్‌బ్యాగులు నేలమీద పెట్టొద్దు. ఇక అమ్మమ్మ. ఏమీ పెట్టొద్దంటే ఆవిడ చాటుగా పెడుతుంది. దానికంటే ఉప్పు, తాలింపు లేని మెత్తటి అన్నంలో చెంచాడు పెరుగు కలిపి, అది మాత్రం మీరే పెట్టండి అని అప్పజెప్పడం మేలు. సంస్థ ఇచ్చిన కిబుల్ (కుక్కలకు పెట్టే పొడి తిండి) మార్చాల్సి వస్తే కొత్తది పావువంతుతో మొదలుపెట్టి వారం పది రోజుల్లో పూర్తిగా మార్చాలి, లేకపోతే విరేచనాలు పట్టుకుంటాయి. శాకాహారుల ఇంట్లో కిబుల్ డబ్బా, కొలత గ్లాసు గరాజ్‌లో పెట్టుకుంటే పేచీ ఉండదు. పూజగదికి ఇంకో గేటు. దత్తాత్రేయుడి పటంలో నాలుగు కుక్కలున్నాయి కదా అని నానమ్మతో వాదించి లాభం లేదు.

పిల్లలకు అన్నిటికన్నా కష్టమైనది హార్ట్‌వార్మ్, అంటే గుండె పురుగు, పట్టిన కుక్క. టెక్సాస్‌లో దోమలెక్కువ, అవి కుట్టడం వల్లే ఈ పురుగు కుక్క గుండెకూ ఊపిరితిత్తుల రక్తనాళాలకూ చేరుతుంది. మామూలుగా జరిగే వైద్యం ఇదీ: ముందు నాలుగు వారాలు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్, తర్వాత ఇంకో నెల ఆగి నడుము కండరంలో పురుగుల్ని చంపే మెలార్సొమిన్ ఇంజెక్షన్ ఒకటి, ఆ తర్వాత నెలకు 24 గంటల తేడాతో మరో రెండు. మందుకు చచ్చిన పురుగులు ముక్కలై ఊపిరితిత్తుల నాళాల్లో ఇరుక్కుంటాయి. ఆ సమయంలో కుక్క పరుగెత్తితే ప్రాణం మీదికి రావచ్చు. కాబట్టి జబ్బు బయటపడ్డ రోజు నుంచి ఆఖరి ఇంజెక్షన్ తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాల దాకా బంతి లేదు, మెట్లెక్కడం లేదు, లీష్‌తో ఐదు పది నిమిషాలు బయటికి, మళ్ళీ క్రేట్‌లోకి. చూడ్డానికి మాత్రం హుషారుగా తోకాడిస్తుంటుంది. ఏడేళ్ళవాడికి ఈ సంగతి ఒక్కసారి చెబితే ఎక్కదు.

అందుకని కూర్చుని చేసే పనులు ఇవ్వాలి. పాత తువ్వాలు పరిచి, గుప్పెడు కిబుల్ చల్లి చుట్టేస్తే కుక్క వాసన పట్టి విప్పుకుంటూ పావుగంట గడిపేస్తుంది. క్రేట్ పక్కన కూర్చుని తెలుగు వాచకం పైకి చదవడం ఇంకొకటి. గొంతు వింటూ కుక్క సర్దుకుంటుంది, ఒత్తులు తప్పినా దిద్దదు. దగ్గు ఎక్కువైనా, చిగుళ్ళు తెల్లబడినా, ఊరికే పడుకున్నప్పుడు ఎగశ్వాస కనిపించినా పిల్లలు వెంటనే పెద్దవాళ్ళకు చెప్పాలి, పెద్దవాళ్ళు సంస్థ ఎమర్జెన్సీ నంబరుకు ఫోన్ చేయాలి. మందులు మాత్రం పిల్లల చేతికి వద్దు.

కుక్కకు నేర్పే మాటలు ఇంగ్లిష్‌లోనే ఉండనివ్వండి: సిట్, కమ్, ఆఫ్. రేపు తీసుకెళ్ళేవాళ్ళకు తెలుగు రాకపోవచ్చు. పైగా మనింట్లో "ఇలా రా", "ఏంట్రా", "తిందువుగాని రా" అని పొద్దస్తమానం వినిపిస్తూనే ఉంటుంది. ఏ "రా" తనదో తెలియక కుక్క దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది.

ఫాస్టర్ కుక్కల మధ్య పెరిగిన పిల్లలకు ఇండియా ప్రయాణానికి ముందు ఒకటి గట్టిగా చెప్పాలి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో వీధికుక్క ఎదురైతే చేయి చాపకూడదు. చెవి కొస కత్తిరించి ఉంటే ఆపరేషన్ అయిందని గుర్తు, అంతేగాని నిమరొచ్చని కాదు. పన్ను గీరుకున్నా సరే, సబ్బుతో, కుళాయి నీళ్ళ ధార కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. చిన్న గీతే కదా అని తాతయ్య పసుపు అద్ది ఊరుకుంటే కుదరదు.

అప్పగించే రోజు వారానికి సరిపడా పాత కిబుల్, ఉతకని దుప్పటి, ఏ శబ్దానికి బెదురుతుందో రాసిన కాగితం సంచిలో పెట్టండి. ఆ కాగితం పిల్లలే రాయొచ్చు. దత్తత తీసుకున్నవాళ్ళు చాలాసార్లు పేరు మార్చేస్తారు. ఈ మాట పిల్లలకు ఆ రోజు కారులో కాదు, కుక్క ఇంటికొచ్చిన మొదటి వారమే చెప్పి ఉంచాలి.