రెటీనోస్కోపు చేతికి అలవాటయ్యే దాకా

ఇంటర్ బైపీసీ అయిపోయిన పిల్లలూ వాళ్ల అమ్మానాన్నలూ నన్ను తరచూ ఒకటే అడుగుతుంటారు. "కళ్ల కోర్సులో రెండేళ్లు నేర్చుకునేంత ఏముంటుందమ్మా? మిషన్ ముందు కూర్చోబెడితే అదే నంబర్ చెప్పేస్తుందిగా?" నేను ఆప్తాల్మిక్ అసిస్టెంట్ డిప్లొమా రెండో సంవత్సరంలో ఉన్నాను. మాది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. పండగకు ఇంటికెళ్లినప్పుడల్లా ఈ ప్రశ్నకు అరుగు మీద నిలబడి జవాబు చెప్పడం కుదరడం లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

వాళ్లు మిషన్ అనేది ఆటోరిఫ్రాక్టోమీటర్‌ని. గడ్డం ఆనించి లోపల కనిపించే బొమ్మ వైపు చూస్తే నిమిషంలో చీటీ వస్తుంది. పనికొచ్చేదే, కాదనను. కానీ ఆ చీటీ మొదలు మాత్రమే. చిన్నపిల్లలు బొమ్మను చూస్తూ కన్ను బిగిస్తారు, లేని మైనస్ వచ్చి కూర్చుంటుంది. శుక్లం బాగా ముదిరిన కంటికి చీటీలో ఎర్రర్ తప్ప ఏమీ రాదు. పల్లెలో క్యాంపు పెట్టినప్పుడు కరెంటు పోతే ఆ చీటీ కూడా లేదు. అప్పుడు చేతిలో ఉండేది రెటీనోస్కోపే, కంట్లోకి వెలుగు వేసి నంబర్ తేల్చే చిన్న చేతి పరికరం.

మొదట్లో మనుషుల మీద చేయనివ్వరు. స్కిమాటిక్ ఐ అని గొట్టంలాంటి నమూనా కన్ను ఇస్తారు. దాని పొడవు మారిస్తే ప్లస్సో మైనస్సో వస్తుంది. అది చేయి తిరిగాక పేషెంటు. గది చీకటి చేసి, అద్దాలు మార్చి మార్చి వేయడానికి వీలుండే ట్రయల్ ఫ్రేమ్ పెట్టి, దూరంగా చార్టు మీద పెద్ద అక్షరం చూడమంటాం. వాళ్ల కుడికన్నును మన కుడికన్నుతో, ఎడమకన్నును మన ఎడమకన్నుతో చూడాలి. గీతలాంటి వెలుగును కంటిపాప మీద అటూ ఇటూ మెల్లగా కదిపితే లోపలి నుంచి ఎర్రటి వెలుగు తిరిగొస్తుంది. మనం కదిపిన వైపే అదీ కదిలితే ప్లస్ అద్దం వేస్తాం, ఎదురు కదిలితే మైనస్. అద్దాలు మార్చుకుంటూ పోతే ఒక నంబర్ దగ్గర ఆ కదలిక ఆగి కంటిపాపంతా ఒక్కసారిగా వెలిగిపోతుంది. దాన్ని న్యూట్రల్ అంటారు. మనం కూర్చున్నది 66 సెంటీమీటర్ల దూరంలో కాబట్టి ఆ నంబర్లోంచి ఒకటిన్నర తీసేయాలి. తెలియకుండా కాస్త ముందుకు వంగామా, లెక్క మారిపోతుంది. అందుకే మా సార్ రెటీనోస్కోపుకు ఆ పొడవు దారం కట్టించారు.

ఈ వెలుగు నంబరొక్కటే చెప్పదు. మసగ్గా వస్తే శుక్లం ఉందేమో చూడమంటుంది. రెండుగా చీలి ఎదురెదురుగా కదిలితే కెరటోకోనస్, అంటే నల్లగుడ్డు పలచబడి శంకువులా ముందుకొచ్చే జబ్బు, అనుమానించాలి. అన్నిటికన్నా నాకు నచ్చేది, పేషెంటు నోరు తెరవక్కర్లేదు.

స్కూలు పోస్టింగులో ఆరేళ్ల బాబు ఒకడు. ఎడమకన్ను మూసి అడిగితే చార్టు గడగడా చెప్పేశాడు. కుడికన్ను మూయమంటే మెడ వంచి వేళ్ల సందులోంచి చూడబోయాడు. సార్ తన అరచెయ్యి అడ్డం పెట్టేసరికి వాడు చెయ్యి తోసేసి ఏడుపు అందుకున్నాడు. రెటీనోస్కోపు వేసి చూస్తే ఎడమకంటి ముందు ప్లస్ ఐదు అద్దం పెట్టినా వెలుగు ఇంకా అదే వైపు కదులుతోంది, అంటే ఆ కంటికి పెద్ద ప్లస్ నంబరే ఉంది. వాళ్లమ్మను పిలిపిస్తే, "బానే కనపడుతుందండీ వాడికి, టీవీ కూడా దూరం నుంచే చూస్తాడు" అంది. ఆవిడ చెప్పింది నిజమే, వాడు చూస్తున్నదంతా కుడికన్నుతో. డాక్టరుగారు చుక్కల మందు వేయించి మళ్లీ పరీక్ష చేయించి, కళ్లద్దాలు రాసి, ఎడమకన్ను పని చేయక తప్పేలా లేకుండా రోజూ కొంతసేపు మంచి కంటికి ప్యాచ్ వేయమన్నారు. ఏడెనిమిదేళ్లు దాటితే ఇలాంటి కన్ను దారిలోకి రావడం బాగా కష్టం. మొదట చార్టులో అన్నిటికన్నా పెద్ద అక్షరం ఉండే 6/60 వరుస దగ్గర ఆగిపోయిన ఆ కన్ను కొన్నాళ్లకు ఇంకా చిన్న అక్షరాల 6/18 వరుస చదివింది. ఆ కాగితం మీద అంకె రాసినప్పుడు నా చెయ్యి వణికింది.

శుక్లం ఆపరేషన్ చేసేది డాక్టరుగారే అయినా, లోపల పెట్టే లెన్సు పవర్ తేలేది మేము తీసిచ్చే కొలతల మీద. కెరటోమీటరుతో నల్లగుడ్డు వంపు, ఏ-స్కానుతో కంటి పొడవు తీస్తాం. మామూలు కన్ను 23, 24 మిల్లీమీటర్లు ఉంటుంది. ఏ-స్కాను ప్రోబు కంటికి ఆనించేటప్పుడు కొంచెం నొక్కితే చాలు, పొడవు తక్కువ చూపించి లెన్సు పవర్ ఎక్కువ వస్తుంది. ఒక్క మిల్లీమీటరు తేడాకు దాదాపు రెండున్నర, మూడు పవర్ తేడా. ఆపరేషన్ చక్కగా జరిగినా చేయించుకున్న పెద్దాయన దూరం చూపుకు లావు అద్దాలు తగిలించుకోవాల్సి వస్తుంది.

అద్దాలు ఇవ్వడంలోనూ మనిషి పని తెలియాలి. మా గుంటూరు, పల్నాడు వైపు మిరపకాయల ముచ్చికలు తీసే ఆడవాళ్లకు నలభై దాటాక చత్వారం వస్తుంది. వాళ్లు కాయల రాశి ముందు నేల మీద కూర్చుని పని చేస్తారు, పుస్తకం పట్టుకునే దూరంలో కాదు. పుస్తకానికి సరిపడే నంబర్ ఇస్తే రాశి మసగ్గా కనపడి ఆ అద్దాలు డబ్బాలోనే ఉండిపోతాయి. "పెద్దమ్మా, ఏం పని చేస్తావు, ఎలా కూర్చుంటావు" అని అడక్కుండా దగ్గర చూపు నంబర్ రాయకూడదని నా గట్టి అభిప్రాయం.

ఏది మన పని కాదో కూడా ఈ కోర్సులోనే నేర్చుకోవాలి. వరి కోతల్లో ఆకు గీసుకునో పొట్టు పడో కన్ను ఎర్రబడితే కొందరు చనుబాలు పోస్తారు, ఆముదం వేస్తారు, మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు తెచ్చుకుంటారు. లోపల ఫంగస్ పట్టి ఉంటే ఆ చుక్కలు దాన్ని ఇంకా పెంచుతాయి. నల్లగుడ్డు మీద తెల్ల మచ్చ కనిపిస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి పంపాలి, రేపు చూద్దాం అనే మాటే ఉండకూడదు.

ఊళ్లలో పిల్లల్ని తీసుకుని ఈ పని నేర్పడం ఇవాళ పుట్టిన ఆలోచన కాదు. 1976లో డాక్టర్ వెంకటస్వామిగారు మదురైలో మొదలుపెట్టిన అరవింద్ ఆస్పత్రి పల్లెటూరి అమ్మాయిలకు శిక్షణ ఇచ్చి వాళ్ల మీదే నడిచింది. మన గుళ్లపల్లి నాగేశ్వరరావుగారి ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థ యాభై వేల జనాభాకు ఒక విజన్ సెంటర్, అంటే చిన్న కంటి పరీక్షా కేంద్రం, అనే లెక్కతో, ఆ చుట్టుపక్కల వాళ్లనే విజన్ టెక్నీషియన్లుగా తయారుచేసింది. డాక్టరు లేని ఊళ్లో ముందుగా కన్ను చూసేది వాళ్లే.

బీఎస్సీ ఆప్టోమెట్రీ నాలుగేళ్లు, అది వేరే దారి, వీలున్నవాళ్లు అటు వెళ్లండి. డిప్లొమాలో చేరేవాళ్లు మాత్రం బ్రోచర్లు నమ్మొద్దు. కాలేజీకి సొంత కంటి ఆస్పత్రి ఉందా, పోస్టింగులు ఎక్కడ వేస్తారు, ట్రయల్ సెట్లు, అంటే పరీక్షకు వాడే అద్దాల పెట్టెలు, ఎంతమందికి ఒకటి అని అడగండి. అడిగి ఊరుకోకుండా ఒక సోమవారం పొద్దున ఓపీ టైముకు వెళ్లి వరండాలో గంటసేపు కూర్చోండి. స్టూడెంట్లు రెటీనోస్కోపు పట్టుకుని కనపడితే చేరండి. ఫైళ్లు మోస్తూ కనపడితే ఇంకో కాలేజీ చూసుకోండి.