మే నెలలో అండమాన్‌లో ఇరుక్కున్నాం

"అండమాన్‌ను తాకిన నైరుతి" అని టీవీలో వస్తే ఇంట్లో కూర్చుని హమ్మయ్య అనుకునేవాణ్ణి. 2025 మే 13న ఆ వార్త వచ్చేసరికి నేను పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉన్నా. (ఇప్పుడు శ్రీ విజయపురం అనాలి, నోరు తిరగట్లేదు.) మామూలుగా ఇరవయ్యో తేదీ అటూ ఇటూగా వస్తుంది కదా, ఈలోపు చూసొచ్చేద్దాం అని చవగ్గా టికెట్లు కొన్నా. అది వారం ముందే వచ్చి కూర్చుంది.

అక్కడ ఎండ మన విజయవాడలా 42, 43 ఉండదు. ముప్పై రెండు దాటితే గొప్ప. కానీ ఉక్క! ఉతికిన చొక్కా రెండ్రోజులకీ ఆరలేదు. సముద్రం పోటుగా ఉందని హావ్‌లాక్ దీవికెళ్లే పడవ రద్దయింది. పిల్లలు ఏడుపు మొహాలు. ఆటో ఆయనది శ్రీకాకుళమట, తెలుగులోనే తిట్టినంత పని చేశాడు: "మేలో ఎవరైనా వస్తారా సార్? జనవరిలో రండి, సముద్రం అద్దంలా ఉంటాది."

నాలుగు రోజులూ గదిలో పేకాటే. అదే నైరుతి మే 24కల్లా కేరళ చేరింది. మేం ఇంటికొచ్చాక కూడా బ్యాగులోంచి తడి బట్టల వాసన పోలేదు.