కొత్త 10/22: సైట్లు, స్లింగ్, కళ్లజోడు

ఈ వేసవిలో కొన్న రూగర్ 10/22 (.22 క్యాలిబర్ చిన్న తూటాల సెమీ ఆటోమేటిక్ రైఫిల్) ఒక కొలిక్కి వస్తోంది. దాని మీద ఏం బిగించాను, ఏది పక్కన పెట్టాను, ఎందుకు అన్నది రాసి ఉంచుతున్నాను. నేనుండేది డాలస్ పక్కన. కాబట్టి చట్టం సంగతులు టెక్సస్‌వి.

చట్టం మాట ముందే చెప్పేస్తాను. హెచ్1బీ లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకి వర్తించే మినహాయింపు లాంటివి కొన్ని ఉన్నాయి గానీ, మన ఇమిగ్రేషన్ టెన్షన్లకి ఇదొకటి తోడెందుకని గ్రీన్ కార్డు వచ్చేదాకా ఆగాను. రాష్ట్రం మారితే రూలూ మారుతుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో 2018లో ఓటర్లు ఆమోదించిన ఐ-1639 ప్రకారం ఈ బుల్లి .22 కూడా ‘సెమీ ఆటోమేటిక్ అసాల్ట్ రైఫిల్’ లెక్కలోకే వస్తుంది. ఇంట్లో పిల్లలున్నారు కాబట్టి సేఫ్ ముందు వచ్చింది, రైఫిల్ తర్వాత వచ్చింది. మా ఆవిడ పెట్టిన షరతు అదొక్కటే. టెక్సస్‌లో పదిహేడేళ్ల లోపు పిల్లల చేతికి లోడ్ చేసిన తుపాకి అందేలా వదిలేస్తే కేసవుతుంది కూడా.

ఇక రైఫిల్. 10/22 మార్కెట్లోకి వచ్చింది 1964లో. పద్దెనిమిదిన్నర అంగుళాల బ్యారెల్ (గొట్టం), భుజానికి ఆనించే కర్ర స్టాక్, పది తూటాలు పట్టే గుండ్రటి రోటరీ మ్యాగజైన్. ఆ మ్యాగజైన్ స్టాక్ అడుగున బయటికి పొడుచుకు రాకుండా కూర్చుంటుంది. ఇరవై అయిదు తూటాల పొడవాటి మ్యాగజైన్ కొనమని షాపులో చెప్పారు గానీ, బోర్లా పడుకుని కాల్చేటప్పుడు అది నేలకి తగులుతుంది. వద్దన్నాను.

ఫ్యాక్టరీ నుంచి వచ్చే సైట్లు, అంటే గురి చూసే భాగాలు, ముందువైపు బంగారు రంగు పూస, బ్యారెల్ మీద మడిచే వెనక సైట్. కుర్రకళ్లకి చాలు. నాకు దగ్గరచూపు, ఆస్టిగ్మాటిజం రెండూ ఉన్నాయి, ఇప్పుడు చత్వారం కూడా మొదలైంది. వెనక గాడి, ముందు పూస, టార్గెట్, ఈ మూడూ ఒకేసారి తేటగా కనబడవు. గాడి మసక, పూస మసక, ఎటు చూసినా ఏదో ఒకటి మసక.

అందుకని మొదట రెడ్ డాట్, అంటే అద్దంలో ఎర్ర చుక్కతో గురి చూపించే సైట్, చూశాను. మా బావమరిది తన రెండు ఎంఓఏ (కోణం కొలత, ఒక ఎంఓఏ 100 గజాల దగ్గర ఇంచుమించు ఒక అంగుళం) డాట్ ఇచ్చాడు. రిసీవర్ (బోల్ట్, ట్రిగ్గర్ ఉండే మధ్య భాగం) పైన రూగర్ వాళ్లే ఇచ్చే పట్టీ బిగిస్తే అది సులువుగానే కూర్చుంది. లెక్క ప్రకారం రెండు ఎంఓఏ చుక్క 25 గజాల దగ్గర అర అంగుళం కప్పాలి. నాకు కనిపించింది మాత్రం చెమటకి చెదిరిన కుంకుమ బొట్టులా ఒక పక్కకి తోక లాగిన ఎరుపు. ‘ఇది పాడైపోయిందిరా’ అంటే, ‘డాట్‌కేం కాలేదు బావా, నీ కళ్లకే’ అని వాడి ఫోన్ కెమెరాని అద్దం వెనక పెట్టి చూపించాడు. ఫోన్‌లో గుండ్రంగా, చక్కగా ఉంది. రెడ్ డాట్ కొనేముందు ఎవరైనా చేయాల్సిన పరీక్ష ఇది. వెలుతురు తగ్గిస్తే తోక కొంచెం తగ్గుతుంది గానీ, అంగుళం టార్గెట్ మీద ఆ మాత్రం చెదిరినా గురి ఎక్కడుందో తెలియదు.

స్కోపు అయితే ఈ బాధ ఉండదు. ఐపీస్ తిప్పి గీతలని కంటికి సరిపెట్టుకోవచ్చు. కొనాలనుకునేవాళ్లు రిమ్‌ఫైర్ (.22 లాంటి చిన్న తూటాల రైఫిళ్లు) కోసం చేసిందే చూసుకోండి. పెద్ద రైఫిళ్ల స్కోపులకి పారలాక్స్‌ని సాధారణంగా 100 గజాలకి సరిచేస్తారు, రిమ్‌ఫైర్ వాటికి 50, 60 గజాలకి. తేడా ఎక్కువైతే తల కాస్త కదిలినా గీత టార్గెట్ మీద జరిగినట్టు కనిపిస్తుంది. క్లిక్కుల లెక్క కూడా గుర్తుంచుకోవాలి. పావు ఎంఓఏ క్లిక్ 100 గజాల దగ్గర పావు అంగుళం జరిపితే, 25 దగ్గర అందులో నాలుగో వంతే జరుపుతుంది. అంటే ఒక్క అంగుళం జరపాలంటే పదహారు క్లిక్కులు. ఎంత తిప్పినా కదలడం లేదని రేంజ్‌లో విసుక్కునేవాళ్లలో సగం మందిది ఈ లెక్కే.

నేను చివరికి తీసుకున్నది టెక్ సైట్స్ వాళ్ల టీఎస్‌ఆర్ 200, అంటే సన్న రంధ్రం ఉన్న పీప్ సైట్. లండన్‌లో 2012లో మన హైదరాబాదీ గగన్ నారంగ్ కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ఈవెంట్‌లో స్కోపులకి చోటు లేదు, అక్కడా పీప్ సైటే. వెనక సైట్‌ని స్కోపు పట్టీ ఉండే స్క్రూ రంధ్రాల్లోనే బిగించాలి. రిసీవర్ అల్యూమినియంది కాబట్టి స్క్రూలు ఓపిగ్గా తిప్పాలి, బలం చూపించకూడదు. ఫ్యాక్టరీ ముందు సైట్‌ని ఇత్తడి పంచ్‌తో కొట్టి తీయాలి. అది మొండికేసింది గానీ వచ్చింది. బ్యారెల్ మీది పాత వెనక సైట్ తీయక్కర్లేదు, మడిచేస్తే చాలు.

రంధ్రంలోంచి చూస్తే మసక తగ్గుతుంది. కళ్ల డాక్టర్ సన్న రంధ్రం ఉన్న అట్ట అడ్డంపెట్టి అక్షరాలు చదివించేది ఈ సూత్రం మీదే. ఆ రంధ్రాన్ని చూడకూడదు, దానిలోంచి చూడాలి. చూపు ముందు సైట్‌లోని నిలువు పోస్ట్ మీద నిలపాలి, టార్గెట్ కాస్త మసకగా ఉన్నా పరవాలేదు. పోస్ట్ కంటికి రెండున్నర అడుగుల పైచిలుకు దూరంలో ఉంటుంది. ఇంచుమించు ఆఫీసులో మానిటర్ దూరం. అందుకే చదువుకునే అద్దాలు కాదు, కంప్యూటర్ కళ్లజోడు నంబరే పనికొచ్చింది. ఆ నంబరుతో పాలీకార్బొనేట్ సేఫ్టీ గ్లాసెస్ చేయించుకున్నాను. ఇంతవరకూ పెట్టిన ఖర్చుల్లో గురిని బాగుచేసినవాటిలో మొదటిది ఈ కళ్లజోడు.

జీరో చేసేటప్పుడు, అంటే గురి పెట్టిన చోటే తూటా పడేలా సైట్లు సరిచేసేటప్పుడు, ఒక సూత్రం: తూటా ఎటు వెళ్లాలో వెనక సైట్‌ని అటు జరపాలి, ముందు పోస్ట్‌ని దానికి ఎదురు. కిందపడుతుంటే పోస్ట్ దించాలి. అయిదేసి కాల్చి, ఆ గుంపు మధ్యలో చుక్కపెట్టి అప్పుడే తిప్పాలి. ఒక్క తూటా పడ్డ చోటుని బట్టి తిప్పితే తెల్లారేదాకా తిప్పుతూనే ఉంటాం.

రెండోది స్లింగ్, అంటే రైఫిల్ పట్టీ. నా మోడల్‌కి స్లింగ్ తగిలించే కొక్కేలు లేవు. స్టాక్‌కి రంధ్రాలు పెట్టించి, ఒకటింపావు అంగుళం వెడల్పున్న మిలిటరీ బట్ట స్లింగ్ వేశాను. భుజాన వేసుకోవడానికి కాదు. ఎడమ జబ్బకి ఉచ్చులా బిగించి పడుకుంటే రైఫిల్ బరువు కండరాల మీద కాక పట్టీ మీద పడుతుంది. జబ్బ మీద మరీ పైకో కిందికో జారితే నాడి కొట్టుకోవడం పోస్ట్ మీదే కనిపిస్తుంది. బైపాడ్ (రెండు కాళ్ల స్టాండ్) మీద పెట్టదలచిన డబ్బు మిగిలింది.

చిల్లర సామాను: చవగ్గా దొరికే ఆటో బోల్ట్ రిలీజ్ ప్లేట్ వేశాను (బోల్ట్ అంటే తూటాని లోపలికి నెట్టి మూసే భాగం). బోల్ట్‌ని కాస్త వెనక్కి లాగి వదిలితే చాలు, మీటతో కుస్తీ తప్పింది. లోపలి ఇనుప పిన్ను తీసి పాలీయురెథేన్ బఫర్ పెడితే టంగుమనే మోత తగ్గింది. చివరి తూటా తర్వాత ఈ రైఫిల్ బోల్ట్ తెరుచుకుని ఆగదు. మోత ఆగింది కదా అని ఖాళీ అనుకోకూడదు. చేత్తో లాగి చూసి, చాంబర్ ఫ్లాగ్ (తూటా గది ఖాళీ అని చూపే ముక్క) పెట్టాకే బల్ల మీద పెట్టడం.

తూటాలు సీసీఐ స్టాండర్డ్ వెలాసిటీ, 40 గ్రెయిన్ల బరువు బుల్లెట్, సెకనుకి 1070 అడుగులు. ధ్వని వేగం కన్నా కొంచెం తక్కువ. ఎక్కడా ఇరుక్కోలేదు. సీసం బుల్లెట్లు కాబట్టి రేంజ్ నుంచి రాగానే చేతులు సబ్బుతో కడగాలి, ఆ తర్వాతే సమోసా.

ఇదంతా ప్రాజెక్ట్ యాపిల్‌సీడ్ కోసం. వాలంటీర్లు 25 గజాల దగ్గర నేర్పే శిక్షణ అది. పరీక్షలో 40 తూటాలు, 250 మార్కులు, 210 వస్తే రైఫిల్‌మన్ ప్యాచ్ ఇస్తారు. పడుకుని కాల్చే భాగం దారిలో పడింది. నిలబడి కాల్చేదే మార్కులు తినేస్తోంది, దానికి స్లింగూ పెద్దగా ఆసరా కాదు. ట్రిగ్గర్ మాత్రం ఫ్యాక్టరీదే, గట్టిగానే ఉంది. రూగర్ వాళ్లదే బీఎక్స్ ట్రిగ్గర్ మూడు పౌండ్ల లోపే పడుతుంది. థాంక్స్‌గివింగ్ సేల్‌లో చూడాలి.