తాతమ్మ సమాధి రాయి: నా అనుభవం

రాయి నిన్ననే నిలబెట్టాం. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

మా అమ్మమ్మ వాళ్లమ్మ బెనె ఇజ్రాయెల్ యూదు. వాళ్లది కొంకణ్ తీరంలో అలీబాగ్ దగ్గరి పల్లె. గానుగాడి నూనె అమ్ముకునేవాళ్లు. శనివారం యూదులు పని చేయరు, ఆ రోజు గానుగ కట్టేవాళ్లు కాదు కాబట్టి ఊళ్లో వాళ్లకి 'శనివార్ తేలీ' (శనివారం నూనెవాళ్లు) అని పేరు. అమ్మమ్మ రైల్వేలో పనిచేసే తెలుగాయన్ని చేసుకుంది, అలా మేం తెలుగువాళ్లమయ్యాం. తాతమ్మ ముంబయిలోనే పోయింది.

సమాధి దొరకడం కష్టం కాలేదు. రాయి పగిలి అక్షరాలు అరిగిపోయాయి. కొత్త రాయి మీద హీబ్రూ తిథి చెక్కాలంటే పోయిన తేదీ కచ్చితంగా కావాలన్నారు. ఇంట్లో ఎవర్నడిగినా "దసరా ముందు" అంటారు తప్ప తేదీ చెప్పరు. కాబట్టి డెత్ సర్టిఫికెట్.

ఇక్కడ మొదలైంది. జనన మరణాల నమోదు ఆఫీసులో కిటికీ వెనకాయన నా ఆధార్ చూసి, "పేరు తెలుగు, ముత్తవ్వ యూదా? ఆస్తి ఏమైనా ఉందా?" అని లైనంతా వినేలా అడిగాడు. సమాధి కోసమంటే నవ్వాడు. "ఇజ్రాయెల్ వెళ్లిపోదామనా?" వెనక ఇద్దరు కిసుక్కుమన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. అక్కడికి వెళ్లి స్థిరపడే హక్కు, అక్కడి చట్టం 1970 సవరణ ప్రకారం, యూదుల మనవల దాకా ఉంది, మా అమ్మమ్మ యూదు కాబట్టి నాకూ ఉండొచ్చు, కానీ నేను వచ్చింది దానికోసం కాదు. అది చెబితే, "అయితే నీకెందుకు ఈ కాగితం?" అన్నాడు! వారసత్వ సర్టిఫికెట్ తెమ్మన్నాడు, అది తెస్తే అమ్మమ్మ పెళ్లి రుజువు తెమ్మన్నాడు.

నిజానికి ఇవేవీ అక్కర్లేదు. జనన మరణాల నమోదు చట్టం, 1969, సెక్షన్ 17 ప్రకారం ఎవరైనా ఫీజు కట్టి రిజిస్టరు వెతికించి నకలు తీసుకోవచ్చు. చావుకు కారణం మాత్రం అందులో చూపరు. ఆ పేజీ ప్రింట్ తీసుకుని నేరుగా పై అధికారి దగ్గరికి వెళ్లండి. కిటికీ దగ్గర బతిమాలితే మనల్నే దొంగల్లా చూస్తారు. పై ఆవిడ మంచిది, ఆ సాయంత్రానికే నకలు వచ్చింది.

తాతమ్మ అయితే ఆ కిటికీనే అదరగొట్టేది, ఒకరికి రావాల్సింది ఆలస్యం చేస్తే ఊరుకునే మనిషి కాదు. సూర్యుడు కుంకేలోపు కూలి చేతిలో పెట్టాలన్నది యూదుల ధర్మశాస్త్రంలోని మాట. వేసవి సెలవుల్లో మేం వెళ్లినప్పుడు, సున్నం వేసిన మనిషికి ఇవ్వడానికి చిల్లర లేకపోతే ఆట మధ్యలో మమ్మల్ని కిరాణా కొట్టుకి తరిమేది. ఆవిడ చేసిన మలీదా, అదే అటుకులూ కొబ్బరీ పంచదారా కలిపి ఏలియా ప్రవక్త పేరిట పెట్టే ప్రసాదం, ముందు పనివాళ్లకే పెట్టేది. ఇప్పుడు నేనూ చేస్తాను. ఆవిడ కన్నా బాగా చేస్తానని మా పెద్దమ్మే ఒప్పుకుంది.

నిన్న రాయి నిలబెట్టిన మేస్త్రీ పొద్దుగూకుతుంటే "డబ్బు రేపిద్దురు లెండి" అన్నాడు. నెట్ రాలేదు. ఏటీఎం దాకా పరుగెత్తి ఇచ్చేశాను.

కిటికీ ఆయన మీద ఫిర్యాదు పెట్టాను. జవాబు లేదు, ఈ వారం మళ్లీ పెడతాను.