పెన్‌డ్రైవ్‌లో లినక్స్: గ్రబ్ వేరే చోట కూర్చుంది

శనివారం

64 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి లినక్స్ ఎక్కించాను. లైవ్ (ఇన్‌స్టాల్ చేయకుండా తాత్కాలికంగా నడిచేది) కాదు, హార్డ్‌డిస్క్ మీద వేసినట్టే పూర్తిగా. ఏ కంప్యూటర్‌కు గుచ్చినా నా డెస్క్‌టాప్, నా ఫైళ్లు రావాలి. ఆన్ చేయగానే ఆపరేటింగ్ సిస్టమ్‌ను లేపే బూట్‌లోడర్ (లినక్స్‌లో గ్రబ్) ఎక్కడ వేయాలని ఇన్‌స్టాలర్ అడిగితే పెన్‌డ్రైవ్‌నే చూపించాను. రీస్టార్ట్ చేయగానే చక్కగా వచ్చింది. పెన్‌డ్రైవ్ తీసి పడుకున్నాను.

ఆదివారం

పొద్దున్నే నాన్న కరెంటు బిల్లు కట్టడానికి లాప్‌టాప్ తెరిచారు. "ఒరేయ్, నల్లగా వచ్చి గ్రబ్ అని ఆగిపోయిందేంటిరా?" బూట్ మెనూలో విండోస్ బూట్ మేనేజర్ ఎంచితే విండోస్ వచ్చింది. డేటా ఏమీ పోలేదు. అయినా ఇంట్లోవాళ్ల మెషిన్ నావల్ల ఆగిపోవడం బాధనిపించింది.

ఇంకో లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి మెషిన్‌లోని బూట్ ఎంట్రీలు చూపించే ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్ నడిపాను. కొత్త లినక్స్ ఎంట్రీలో ఉన్న పార్ట్‌యూయూఐడీని (పార్టిషన్ గుర్తింపు సంఖ్య) బీఎల్‌కేఐడీ కమాండ్ చూపించినవాటితో పోల్చాను. అది లాప్‌టాప్ డిస్క్‌లోని ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ది (బూట్ ఫైళ్లు ఉండే చోటు)! నేను చూపించిన చోటు వదిలేసి ఇన్‌స్టాలర్ గ్రబ్‌ను అక్కడ పెట్టింది. గ్రబ్ కాన్ఫిగ్ మాత్రం పెన్‌డ్రైవ్‌లో ఉంది. పెన్‌డ్రైవ్ తీస్తే గ్రబ్‌కు మెనూ దొరకదు, అందుకే ఉత్త ప్రాంప్ట్ దగ్గర నిలబడింది.

యూఈఎఫ్‌ఐ (ఆన్ చేయగానే మొదట నడిచే కొత్తతరం ఫర్మ్‌వేర్) మెషిన్ తనకు ముందు తెలియని డ్రైవ్‌లో వెతికేది ఒక ఖాయమైన చోట: ఫ్యాట్32 పార్టిషన్, అందులో ఈఎఫ్‌ఐ ఫోల్డర్, దాని లోపల బూట్ ఫోల్డర్, అందులో బూట్‌ఎక్స్64.ఈఎఫ్‌ఐ అనే ఫైలు. నా పెన్‌డ్రైవ్‌లో అసలు ఆ పార్టిషనే లేదు.

పార్టిషన్లు మార్చే జీపార్టెడ్‌లో, లినక్స్ ఉన్న ఎక్స్‌ట్4 పార్టిషన్‌ను కుదించి, చివర 512 ఎంబీ ఫ్యాట్32 చేసి ఈఎస్‌పీ (ఇది ఈఎఫ్‌ఐ పార్టిషన్ అని చెప్పే) ఫ్లాగ్ పెట్టాను. రూట్‌ను (లినక్స్ ఉన్న పార్టిషన్) /ఎంఎన్‌టీలో, కొత్త పార్టిషన్‌ను దాని లోపలి /బూట్/ఈఎఫ్‌ఐలో మౌంట్ చేశాను. లైవ్ సిస్టమ్‌లోని డెవ్, ప్రాక్, సిస్ ఫోల్డర్లు మూడూ దానికి బైండ్ చేసి, సీహెచ్‌రూట్‌తో పెన్‌డ్రైవ్ లినక్స్ లోపలికి వెళ్లాను. గ్రబ్-ఇన్‌స్టాల్‌కు టార్గెట్‌గా ఎక్స్86_64-ఈఎఫ్‌ఐ, డైరెక్టరీగా /బూట్/ఈఎఫ్‌ఐ ఇచ్చి, --రిమూవబుల్ తగిలించాను. కీలకం ఈ చివరి మాటే. ఇది లేకపోతే ఫైలు డిస్ట్రో (లినక్స్ రకం) పేరున్న ఫోల్డర్‌లోకి పోతుంది, వేరే మెషిన్‌కు కనిపించదు. తర్వాత మెనూను తాజా చేసే అప్‌డేట్-గ్రబ్.

లాప్‌టాప్‌లో మిగిలిన ఎంట్రీని ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్‌కు చిన్న -బీ పక్కన దాని నంబరు, ఆపైన పెద్ద -బీ ఇచ్చి తీసేశాను. నంబరు రెండుసార్లు సరిచూసుకోండి, విండోస్‌ది కూడా అదే వరుసలో ఉంటుంది. ఇప్పుడు పెన్‌డ్రైవ్ తీస్తే విండోస్, పెడితే బూట్ మెనూలోంచి లినక్స్.

సోమవారం

స్నేహితుడి లాప్‌టాప్‌లో పెట్టాను. గ్రబ్ మెనూ కనబడగానే ఎంత సంతోషమో! కానీ కాసేపటికి ఒక డివైస్ కోసం 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లో పడింది. ఏ పార్టిషన్ ఎక్కడ మౌంట్ కావాలో రాసుండే ఎఫ్‌స్టాబ్ ఫైలు తెరిస్తే సంగతి తెలిసింది. /బూట్/ఈఎఫ్‌ఐ వరుసలో ఇంకా నాన్న లాప్‌టాప్ పార్టిషన్ యూయూఐడీయే ఉంది. ఇంట్లో ఆ డిస్క్ ఎప్పుడూ ఎదురుగా ఉంటుంది కనుక ఈ తప్పు నాకు కనబడలేదు. పెన్‌డ్రైవ్ యూయూఐడీ రాసి, నోఫెయిల్ (దొరక్కపోయినా ఆగొద్దని) కూడా చేర్చాను. వెంటనే లేచింది.

బుధవారం

బాబాయ్ జిరాక్స్ షాపులోది పాత బయాస్ (యూఈఎఫ్‌ఐకి ముందుతరం ఫర్మ్‌వేర్) మెషిన్, దానికి యూఈఎఫ్‌ఐ తెలియదు. పెన్‌డ్రైవ్‌లో జీపీటీ అనే పార్టిషన్ల పట్టికకూ మొదటి పార్టిషన్‌కూ నడుమ 34వ సెక్టార్ నుంచి 2047వ సెక్టార్ దాకా ఖాళీ ఉంటుంది. ఎస్‌జీడిస్క్ కమాండ్‌లో అలైన్‌మెంట్ 1 ఇచ్చి, అక్కడ గ్రబ్ కూర్చోడానికి ఈఎఫ్02 రకం బయాస్ బూట్ పార్టిషన్ చేశాను. గ్రబ్-పీసీ-బిన్ ప్యాకేజీ వేసి, టార్గెట్ ఐ386-పీసీతో మళ్లీ గ్రబ్-ఇన్‌స్టాల్, ఈసారి పెన్‌డ్రైవ్ మొత్తానికి. షాపులో కూడా లేచింది, కాస్త నెమ్మదిగా.

మిగిలింది గ్రబ్ ప్యాకేజీ అప్‌డేట్ అయినప్పుడు ఇదంతా చెడకుండా చూడటం. డెబియన్ కుటుంబంలో డీపీకేజీ-రీకాన్ఫిగర్ గ్రబ్-ఈఎఫ్‌ఐ-ఏఎండీ64 నడిపితే, రిమూవబుల్ దారిలో కూడా వేయాలా అని అడుగుతుంది: అవును. ఎన్వీర్యామ్ (మెషిన్ బూట్ ఎంట్రీలు దాచుకునే మెమరీ) మార్చాలా: వద్దు. ఈ రెండూ ఇవాళే పెట్టేశాను.