ఎనిమిదే సూదులు

ఆదివారం రాత్రి, పదకొండున్నర.

కళ్ళు మండుతున్నాయి. కుడిచేతి చూపుడువేలు కొస గట్టిపడిపోయి, ముట్టుకుంటే వేరే ఎవరి వేలో అనిపిస్తోంది. అయినా ఈరోజు సంగతి రాయకుండా పడుకుంటే నిద్ర పట్టదు. కారణం ఒక సూది.

పొద్దున ఆరింటికి ముగ్గు వెయ్యడానికి బయటికొస్తే కొండలు కనబడలేదు. అంత మంచు. ధనుర్మాసం కదా, కొండమీద సుప్రభాతం ఆపి తిరుప్పావై చదివే రోజులు. తిరుపతి చలి కూడా ఒక చలేనా అని మదనపల్లెలో ఉండే మా ఆడపడుచు ఎప్పుడూ నవ్వుతుంది. కాంక్రీటు మిద్దె కింద, మంచం మీద పడుకునేవాళ్ళకు నిజమే. రేణిగుంట అవతల ఇటుక బట్టీల దగ్గర తాటాకు కప్పిన గుడిసెల్లో, వట్టి నేల మీద పడుకునే పిల్లల సంగతి వేరు. పగలంతా కాలుతున్న బట్టీ పక్కన ఆడుకుంటారు, తెల్లారుజామున నాలుగింటికి ముడుచుకుని పడుకుంటారు. వాళ్ళ కోసమే మా బొంతలు. పోయినేడు ఏడు కుట్టాం. ఈసారి సంక్రాంతి లోపల పన్నెండు అనుకున్నాం, నిన్నటికి ఎనిమిది అయ్యాయి.

మేం తొమ్మిది మందిమి. సంఘం లేదు, పేరు లేదు, బ్యానరు అంతకన్నా లేదు. భవానీ నగర్‌లో మా ఎదురింటి అక్కవాళ్ళ హాలు పెద్దది, సోఫాలు గోడకు జరిపితే రెండు బొంతలు పక్కపక్కన పరుచుకోవచ్చు. అదే మా ఆఫీసు. కొలతలు, చీరల లెక్క, సూదుల లెక్క నాది. కుట్టు విషయంలో మాత్రం వీధి చివర ఉండే అవ్వ మాటే మాట. ఆమెకు ఎనభై దగ్గర పడ్డాయి. ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండోది వాయిదాల మీద ఉంది. సూదిలో దారం మేమే ఎక్కించివ్వాలి. ఎక్కించి ఇచ్చామంటే ఇక ఆమెను ఆపలేం.

చీర అయిదున్నర మీటర్లు ఉంటుంది కదా. దాన్ని నాలుగు మడతలు వేస్తే నాలుగున్నర అడుగుల పొడవు, 45 అంగుళాల వెడల్పు వస్తుంది. అది లోపలి పొర. ఇంకో చీరలో సగం తీసుకుని పైన ఒకటి, కింద ఒకటి. మొత్తం ఆరు పొరలు, బొంతకు ఒకటిన్నర చీర. పన్నెండింటికి పద్దెనిమిది చీరలు. నాలుగు వైపులా పొడుగు పొడుగు కచ్చా కుట్లు వేసి పొరలు జరగకుండా పట్టి, తరవాత అంగుళంన్నర ఎడంగా వరసలు. ఒక్కో బొంతకు ముప్పై వరసలు వస్తాయి. 135 అడుగుల కుట్టు, అంతా చేత్తోనే. మిషన్ మీద కుట్టవచ్చు కదా అని ప్రతివాళ్ళూ అడుగుతారు. కుట్టి చూశాం. పొరలు అణిగిపోయి అట్టలాగా తయారైంది. పొరల మధ్య కాస్త గాలి నిలిస్తేనే వెచ్చగా ఉండేది.

"మే, దారం అంత బిగించి లాగితే బొంత కాదే, చాప అయిపోతాది" అని అవ్వ నన్ను రోజుకు నాలుగుసార్లు అంటుంది. నాకు ఏదైనా బిగించి లాగడమే అలవాటు. మా ఆయన్ను అడిగినా చెబుతాడు.

పదింటికి ఒకావిడ కారులో వచ్చి పెద్ద సంచి దించింది. పది చీరలు. "అన్నీ ప్యూర్ కాటనే, అక్కా. పేదపిల్లలకు అంటే పనికొస్తాయని..." అంది. వద్దనలేం, అలాగని నమ్మనూ లేం. మాకొక పరీక్ష ఉంది. చీర అంచున ఒక పోగు లాగి అగ్గిపుల్ల చూపించడమే. నూలైతే కాగితం కాలిన వాసనతో బూడిద అవుతుంది, పాలిస్టర్ అయితే ముడుచుకుపోయి నల్లగా గుండుపూసలా గట్టిపడుతుంది. బట్టీల దగ్గర, కట్టెల పొయ్యి పక్కన పడుకునే పిల్లలకు పాలిస్టర్ ఇవ్వకూడదు. నిప్పురవ్వ పడితే అది కరిగి ఒంటికి అతుక్కుంటుంది. ఆవిడ ఎదురుగానే అగ్గిపుల్ల గియ్యాల్సి వచ్చింది. పదింటిలో ఏడు గుండుపూసలు. ఆవిడ మొహం చూడలేక నేను కాఫీ పెట్టే వంకతో వంటింట్లోకి పోయాను.

ఇక్కడ ఒక మాట రాసుకోవాలి, బయట అంటే బాగుండదు. పాతచీరలకు స్టీలు గిన్నెలిచ్చేవాడు వీధిలోకి వస్తాడు కదా. వాడు తీసుకునే చీరలు వాడికే పోతాయి. వాడు కూడా తల అడ్డంగా ఊపినవి మా దగ్గరికి వస్తాయి. అందరూ అలా చేస్తారని కాదు. కానీ సంచి విప్పగానే ఇది గిన్నెలవాడు తిప్పి పంపిన సరుకా, ప్రేమగా ఇచ్చిందా అన్నది మాకు తెలిసిపోతుంది. ప్రేమగా ఇచ్చింది ఉతికి, మడతపెట్టి ఉంటుంది.

ఈ పాత సంగతే మధ్యాహ్నం చర్చకొచ్చింది. మాతోపాటు కుట్టే కాలేజీ అమ్మాయి ఫోనులో చదివిందట, అమెరికాలో లైనస్ ప్రాజెక్ట్ అని ఒకటుందని. 1995లో డెన్వర్‌లో ఒకావిడ మొదలుపెట్టింది. జబ్బుతోనో, ఇంకేదైనా కష్టంలోనో ఉన్న పిల్లలకు ఊరూరా వాలంటీర్లు దుప్పట్లు కుట్టి, అల్లి ఇస్తారు. కార్టూన్లలో ఎప్పుడూ దుప్పటి వదలని పిల్లవాడు ఒకడున్నాడు కదా, వాడి పేరే పెట్టారు. "వాళ్ళు చేత్తో చేసినవే తీసుకుంటారాంటీ, కానీ కొత్తవే అయ్యుండాలి. మనం పాతవి ఇస్తున్నాం" అంది ఆ పిల్ల. తప్పుపట్టి అనలేదు, మామూలుగానే అంది. హాల్లో ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు.

అవ్వే తేల్చింది. "నువ్వు పుట్టినప్పుడు నిన్ను దేంట్లో చుట్టినారు పాపా? మీ అవ్వ పాతచీర ముక్కలోనే కదా. పురిటిబిడ్డకు కొత్తగుడ్డ ఎవురేస్తారు? గుచ్చుకోదూ?"

అది నిజం. మా ఇద్దరు పిల్లలకూ పదకొండో రోజు దాకా మా అత్తగారి మెత్తటి పాతచీరలే. ఎన్నిసార్లు ఉతికితే నూలు అంత మెత్తన. కానీ నాకు మనసులో పూర్తిగా తేలలేదు. మన ఇంట్లో బిడ్డకు మన పాతచీర చుట్టడం వేరు, ముక్కూమొహం తెలియని పిల్లవాడికి ఎవరిదో పాతచీర పంపడం వేరు. పోయినేడు బట్టీ దగ్గర ఆరేళ్ళవాడు ఒకడు బొంత విప్పి అటూ ఇటూ తిప్పి చూసి నన్ను అడిగాడు, "ఇది ఎవురిది?" అని. "నీదే నాన్నా" అన్నాను. "కాదు, ముందు ఎవురిది?" అన్నాడు. నాకు జవాబు తెలియదు. సంచుల్లో వచ్చిన చీర అది. వాడు కాసేపు చూసి, నా వల్ల కాదనుకున్నాడేమో, బొంత తలమీద కప్పుకుని పరిగెత్తాడు.

అందుకే ఈసారి ఒక బొంత లోపలి పొరకు మా అమ్మ వెంకటగిరి నేతచీర పెట్టాను. అమ్మ పోయి నాలుగేళ్ళు. చీర కుచ్చిళ్ళ దగ్గర చిరిగింది, పైకి పనికిరాదు. లోపల నాలుగు మడతల్లో ఉంటే ఎవరికీ కనబడదు. జరీ అంచు గరుగ్గా ఉంటుందని కత్తిరించి తీసేశాను. ఎవరికీ చెప్పలేదు. మళ్ళీ ఎవరైనా అడిగితే, ఆ ఒక్కదానికైనా నా దగ్గర సమాధానం ఉంటుంది.

మధ్యాహ్నం పితికిపప్పు కూర, రాగి సంగటి. అనపకాయలు ఒలిచి, గింజలు రాత్రంతా నానబెట్టి, ఒక్కొక్కటీ పితికి ఎదురింటి అక్క పెట్టిన శ్రమకు మా 135 అడుగులు ఎందుకూ చాలవు. తిన్నాక అందరికీ కునుకొచ్చింది. అవ్వ గోడవారగా ఒరిగింది. నేను మాత్రం అమ్మ చీర బొంత పట్టుకుని కూర్చున్నాను. రెండు వరసలు బిగుసుకుపోయి గుడ్డ ముడతలు పడింది. విప్పడం మొదలుపెట్టాను. అవ్వ ఒక కన్ను తెరిచి, "నా సూదిలో దారం ఉండాది, తీసుకో" అని తన సూది నా చేతిలో పెట్టి మళ్ళీ కళ్ళు మూసింది.

ఈ ముక్క నాకు సాయంత్రం గుర్తు లేదు. ఇప్పుడు రాస్తుంటే చేతిలో ఆ సూది బరువు కూడా గుర్తొస్తోంది.

పిల్లల ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మా ఇంకో అక్క నాలుగింటికి వచ్చింది. ఏడాది లోపు బిడ్డలకు కప్పుకునే బొంతలు ఇవ్వొద్దని ఆమె మొదట్నుంచీ చెబుతోంది. మొహం మీదికి జరిగితే వాళ్ళు తీసుకోలేరు, ఊపిరాడదు. అంత చిన్నవాళ్ళకు చేతుల చొక్కాలు, కాళ్ళకు మేజోళ్ళు. ఆ మూట ఆమెదే.

అయిదున్నరకు నాలుగు బొంతలూ పూర్తి. అందరికీ సంతోషం. నేను స్టీలు డబ్బా మూత తెచ్చి సూదులు వెయ్యమన్నాను. పొద్దున తొమ్మిది ఇస్తాను, సాయంత్రం తొమ్మిది లెక్కపెట్టుకుంటాను. పోయినేడు నేనే పెట్టిన రూలు. పిల్లలు పడుకునే వస్తువు కదా.

ఎనిమిదే ఉన్నాయి.

మళ్ళీ లెక్కపెట్టాం. చాపలు దులిపాం, సోఫా సందుల్లో చూశాం, పైట కొంగులు విదిలించుకున్నాం. అక్కవాళ్ళ అబ్బాయి సెల్‌ఫోన్ లైటు వేసుకుని నేలమీద పాకాడు. నా సూది ఇచ్చానంటే నాదీ ఇచ్చానన్నారు అందరూ. ఒకావిడైతే కాణిపాకం పోయి ప్రమాణం చేస్తానంది, చిత్తూరు జిల్లాలో పుట్టినవాళ్ళకు అంతకు మించిన సాక్ష్యం లేదు. చివరికి ఎవరూ పైకి అనకుండానే అందరి చూపులూ అవ్వ వైపు పోయాయి. మూతలో ఆమె సూది వెయ్యలేదు మరి. నేనే అడిగాను. "అవ్వా, నీ సూది ఎక్కడ పెట్టినావు? సరిగ్గా కనబడదు కదా, ఎక్కడైనా గుచ్చి మర్చిపోయావేమో."

అవ్వ నన్ను ఒకసారి చూసింది. ఏమీ అనలేదు. పైట నడుముకు దోపుకుని, మొదటి బొంత పరిపించి దాని మీద పడుకుంది. అటు దొర్లింది, ఇటు దొర్లింది. "పిల్లోళ్ళకు గుచ్చుకునేది ముందు నాకే గుచ్చుకోనీ" అంది. వద్దన్నా వినలేదు. నాలుగు బొంతల మీదా అలాగే దొర్లింది. మొదట్లో కాలేజీ పిల్ల నవ్వింది, తరవాత నవ్వలేదు. ఏదీ గుచ్చుకోలేదు. పైకి లేచేటప్పుడు అవ్వకు చెయ్యి ఇవ్వబోతే గోడ పట్టుకుని లేచింది.

నాలుగు బొంతలూ ఇంటికి తెచ్చాను. సూది దొరికేదాకా బట్టీకి పోయేది లేదు. ఫ్రిజ్ మీది కాణిపాకం వినాయకుడి అయస్కాంతం తీసి రుద్దితే పైనున్న దుమ్ము కూడా కదల్లేదు. మా ఆయన చూసి చూసి, అటక మీది పాత రేడియో దించి, స్పీకరు ఊడబీకి వెనకనున్న పెద్ద అయస్కాంతం తీసిచ్చాడు. ముప్పై ఏళ్ళుగా ఆ రేడియో పారెయ్యమని పోట్లాడుతున్నాను, అది వేరే కథ.

మొదటి బొంతలో లేదు. రెండోదాంట్లో లేదు. మూడోది అమ్మ చీరది. వరస వరసా జరుపుకుంటూ పోతుంటే అంచుకు జానెడు లోపల గుడ్డ కింద ఏదో పురుగు కదిలినట్టు కదిలింది. అయస్కాంతం ఎత్తితే గుడ్డా దానితోపాటు లేచింది. నేను విప్పి మళ్ళీ కుట్టిన రెండు వరసల మధ్య, లోపలి పొరల్లో, పడుకుని ఉంది. వరసలు విప్పేటప్పుడు నా సూది పొరల్లోకి గుచ్చి పెట్టి, అవ్వ సూదితో కుట్టుకుంటూ పోయాను. సాయంత్రం మూతలో నేను వేసింది అవ్వ సూది.

మా ఆయన "దొరికింది కదా, పడుకో" అన్నాడు.

రేపు పొద్దున్నే అవ్వ ఇంటికి పోవాలి. ఏమని మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఆమె తిట్టదు. అదే కష్టం. ఎక్కడ దొరికింది, ఎన్నో వరసలో, ఆ వరస విప్పి మళ్ళీ కుట్టావా అని మాత్రం అడుగుతుంది. ఈ లైటులో తెల్ల దారం, తెల్ల చీర. ఇంకా విప్పలేదు.