మెరిడెన్ ఇంజిన్, నార్టన్ ఫ్రేము

ట్రైటన్ అనే మోటార్‌సైకిల్‌ని ట్రయంఫ్ గానీ నార్టన్ గానీ తయారుచేయలేదు. 1950, 60ల్లో ఇంగ్లండు కుర్రాళ్ళు ట్రయంఫ్ ఇంజిన్ తెచ్చి నార్టన్ ఫెదర్‌బెడ్ ఫ్రేములో కూర్చోబెట్టి, సొంత షెడ్లలో కట్టుకున్న బండి అది. ఆ ఫ్రేము మలుపుల్లో పట్టు వదలదు, ఈ ఇంజిన్‌కి ఊపెక్కువ. రెండూ కలిస్తే లండన్ నార్త్ సర్క్యులర్ రోడ్డు మీద బైకర్లు చేరే ఏస్ కేఫ్ దగ్గర దర్జాగా నిలబెట్టొచ్చు.

కోవెంట్రీలో నా ఉద్యోగం కార్ల సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. పేరుకి మోటారు పరిశ్రమే గానీ, చేతికి గ్రీజు అంటదు. కొద్ది మైళ్ళ దూరంలోనే మెరిడెన్. 1940 నవంబరు బాంబుదాడిలో కోవెంట్రీ ఫ్యాక్టరీ దెబ్బతిన్నాక ట్రయంఫ్ అక్కడికి మారింది, ఆ ఫ్యాక్టరీ 1983లో మూతపడింది. నార్టన్‌ది పక్కనే బర్మింగ్‌హామ్.

నేను కొనబోయే పాత ట్రైటన్ ధర వినగానే నాన్న ఫోన్లో, "ఒరేయ్, ఆ తుప్పుకి పెట్టే డబ్బుతో భీమవరంలో ఏదైనా కొనుక్కోవచ్చు కదరా" అన్నారు. గేరు కుడికాలికే, బ్రేకు ఎడమకాలికే అని చెప్పాక కాస్త మెత్తబడ్డారు. ఆయన పాత బుల్లెట్టూ అంతే మరి.

కొనేవాళ్ళు రంగు చూసి మురిసిపోకండి. ముందు ఫ్రేము నంబరు, ఇంజిన్ నంబరు వీ5సీలో, అంటే ఇక్కడి ఆర్సీలో, ఉన్నవేనా చూసుకోండి. ముక్కలు కలిపి కట్టిన బండికి అసలు గొడవంతా అక్కడే. తర్వాత పానాలు. మన మెట్రిక్ సెట్టు పనికిరాదు, విట్‌వర్త్ సెట్టు కావాలి. దాని మీద 3/8 అని ఉంటే అది నట్టు తల కొలత కాదు, లోపలి బోల్టు మందం!

పక్కింటి పెద్దాయన కుర్రతనంలో మెరిడెన్‌లో పనిచేశాడట. ఇన్నేళ్ళూ వాతావరణం తప్ప మరో మాట లేదు మా మధ్య. గరాజ్ తలుపు తెరిచి ఉండటం చూసి లోపలికొచ్చి, "స్లడ్జ్ ట్రాప్ తీశావా?" అన్నాడు. ఈ ఇంజిన్లలో ఆయిల్‌కి జాలీయే తప్ప సరైన ఫిల్టర్ ఉండదు. మడ్డి అంతా క్రాంక్‌లోని ఓ గొట్టంలో చేరుతుంది, అదే స్లడ్జ్ ట్రాప్. అది నిండితే బిగ్ ఎండ్‌లకి, అంటే పిస్టన్ రాడ్లు క్రాంక్‌ని పట్టే బేరింగులకి, ఆయిల్ అందదు, ఇంజిన్ మొత్తం విప్పితే తప్ప శుభ్రం చేయలేం. ఆ గొట్టం బిరడా మొరాయించింది. వేడి పెట్టి, ఇంపాక్ట్ డ్రైవర్ మీద ఆయన సుత్తితో కొడితే కదిలింది. లోపల మడ్డి తారులా గట్టిపడి ఉంది. స్క్రూడ్రైవర్‌తో గీకితే పెచ్చులుగా ఊడింది.

ఇంజిన్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే అల్యూమినియం ప్లేట్ల మీద, ఎవరో బరువు తగ్గించడానికి చేత్తో వేసిన రంధ్రాలున్నాయి. ఒకటీ వరసలో లేదు. అంచుల్లో ఆకురాయి గీతలు అలాగే ఉన్నాయి. మెషీన్ మీద కోసిన కొత్తవి దొరుకుతాయి, మార్చేయమని పాత బైకుల క్లబ్బువాళ్ళ సలహా. రెస్టోర్ చేయడమంటే బండిని ఫ్యాక్టరీ గేటు దాటిన రోజుకి తీసుకెళ్ళడం అంటారు. దీనికి ఆ రోజే లేదే! నా దృష్టిలో ఆ వంకర రంధ్రాలే దీని ఒరిజినల్. పగుళ్ళుంటే బయటపెట్టే డై పూసి, లేవని చూసుకుని, వాటినే మళ్ళీ బిగించాను.

సీటు మాత్రం మార్చాను. దాని మీద మనిషన్నవాడు కూర్చోలేడు. పగలంతా ఆఫీసులో కుర్చీ, ఆదివారం కిందికి బిగించిన క్లిప్-ఆన్ హ్యాండిల్స్ మీద వంగడం. వాటిని కాస్త ఎత్తు చేయమని నడుం అడుగుతోంది గానీ, క్లబ్బులో ఆ మాట ఎత్తే ధైర్యం ఇంకా రాలేదు.